పక్క పడవకి కావాలి

రెండో డేగిశాలో చేపముక్కలు వేసిన మొలకల చారు కూడా అడుగంటే వేళకి, వెతకడానికి వెళ్ళిన పడవల్లో మూడు జెట్టీకి తిరిగి వచ్చాయి. అవి వచ్చిన తీరులోనే మాల్‌సూన్‌కి సంగతి తెలిసిపోయింది. ఏదైనా దొరికినప్పుడు పడవలు మెల్లగా వస్తాయి. ఇవి ఆకలిమీద వచ్చాయి.

గాలికి టార్పాలిన్ పందిరి టపటపా కొట్టుకుంటోంది. ఆమె గరిటె పట్టుకుని ఒక్కొక్క గిన్నెలో అన్నం మీద చారు పోస్తోంది. ఒంటిమీద రేవు భద్రతా దళం వాళ్ళ నారింజరంగు కోటు ఉంది. దాని వీపుమీద 'మహిళా విభాగం నాయకురాలు' అని రాసి ఉంటుంది. నిన్న పొద్దుటిదాకా ఆ అక్షరాలు వీపుమీద ఉన్నాయంటే ఆమెకి నడుము నిటారుగా ఉండేది. ఇవాళ అవి చలిలో తడిసిన గుడ్డలా అంటుకుని ఉన్నాయి.

భర్త గీహో పడవ కట్టేసి, చేతులు ఊదుకుంటూ వచ్చాడు.

"ఏమన్నా కనబడిందా?"

"ఒక బూటు. వాడిదో కాదో ఎలా చెప్తాం. రబ్బరు బూట్లన్నీ ఒకలాగే ఉంటాయి." గిన్నె అందుకున్నాడు. "ఈ చలి నీళ్ళలో రాత్రంతా అంటే, ఇంక వెతికేది మనిషిని కాదులే."

"ఇక్కడ అనకు ఆ మాట."

పందిరి చివర, ప్లాస్టిక్ కుర్చీలో జోనికో కూర్చుని ఉన్నాడు. అతనూ, కనబడకుండా పోయినవాడూ తూర్పు తిమోర్ నుంచి ఒకే విమానంలో వచ్చారు. సోల్‌మోక్ రేవులో ఆల్చిప్పల పెంపకం చేసే, అందరూ చైర్మన్ అని పిలిచే బే దగ్గర ఇద్దరూ పనివాళ్ళు. పొద్దున్నించీ మూడు పడవలు మారి వెతికి వచ్చాడు జోనికో. మాల్‌సూన్ డేగిశా అడుగున మిగిలిన చేపముక్కలన్నీ ఏరి అతని గిన్నెలో వేసింది. అతను గిన్నెలోకి చూశాడు.

"పిన్నీ, ఎక్కువైంది."

"తిను."

"పిన్నీకి ఉందా?"

ఆమె వెనక్కి వచ్చేసింది. ఆ ముక్కలు ఎందుకు వేసిందో తనకి తెలుసు. అవి తింటూ ఉంటే అతను తన ముఖంలోకి చూడడని.

తీరపు పోలీసు ఠాణా నుంచి వచ్చిన సార్జెంట్ నో, వైర్‌లెస్ పక్కన నిలబడి పేరు అడుగుతున్నాడు. కుర్రవాడే, ముక్కు చలికి ఎర్రబడింది.

"డల్సూ అండీ," అన్నాడు ఒక సరంగు.

"అది మీరు పిలిచే పేరు కదా. అసలు పేరు?"

జెట్టీ మీద ఉన్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బే చైర్మన్ దగ్గర మొదట చేరిన పరాయి పనివాడికి నోరు తిరిగే పేరు కావాలని ఎవరో డల్సూ అన్నారు. అతను వెళ్ళిపోయాడు, పేరు మాత్రం వాళ్ళు పనిచేసే బల్లపరుపు పడవ, పంటు మీదే ఉండిపోయింది. తరవాత వచ్చినవాడూ డల్సూయే. వీడు మూడోవాడో నాలుగోవాడో. రాత్రంతా సముద్రం మీద లౌడ్‌స్పీకర్లో పిలిచింది ఆ పేరే.

"అవెలినో," అన్నాడు జోనికో, కుర్చీలోంచి లేవకుండానే. "అవెలినో ద కోస్టా."

మాల్‌సూన్ ఆ పేరు వినడం అదే మొదటిసారి. రెండు చలికాలాలుగా ఆ పేరున్నవాడు ఆమెని పిన్నీ అని పిలిచాడు.

*

నిన్న తెల్లవారుజామున భద్రతా ప్రచారం జరిగింది.

దళం చేసే పనులన్నీ నాటకాలు కావు. పొగమంచులో దారితప్పిన గాలపు పడవల్ని లాక్కొచ్చేది వీళ్ళే. ఇంజను ఆగిపోయి అలల్లో తిరిగే ముసలివాళ్ళకి కబురందిన పావుగంటలో తాడు విసిరేదీ వీళ్ళే. ఎవరికీ జీతం లేదు, డీజిలు కూడా సగం సొంత ఖర్చే. కిందటి వేసవిలో గీహో పట్నం నుంచి వచ్చిన ఒక కుటుంబాన్ని బోల్తాపడిన రబ్బరు పడవ మీంచి దించాడు. ఆ పిల్లలు మాల్‌సూన్ ఇంట్లోనే దుప్పట్లు కప్పుకుని నూడుల్స్ తిన్నారు. అదంతా నిజమే. మాల్‌సూన్ దళంలో చేరింది అలాంటి పనులు చూసే. కానీ నెలకోసారి ప్రచారం కూడా ఉంటుంది, ప్రచారానికి ఫోటోలు ఉంటాయి. జిల్లావాళ్ళకి కావలసింది ఫోటోలు.

దళానికి జిల్లా ఇచ్చిన లైఫ్ జాకెట్లు ఆరు. మెడచుట్టూ పలచగా ఉండే నారింజరంగు రకం, నీళ్ళు తగిలితే వాటంతటవే ఉబ్బుతాయి. ఒక్కసారి ఉబ్బితే లోపలి గాలిబుడ్డి మార్చాలి. దానికి డబ్బు ఎవరివ్వాలన్న గొడవ ఒకసారి వచ్చాక, వాటిని ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి స్టోరులో తాళం వేయడం అలవాటైంది. తాళంచెవి మాల్‌సూన్ దగ్గర ఉంటుంది. లైఫ్ జాకెట్టు తడవకూడదన్న నియమం రేవులో ఎవరికీ నవ్వు తెప్పించలేదు.

పడవల మీద ఉండే పాత జాకెట్ల సంగతి వేరే. అవి లావుపాటి నురగ దిండ్లు. వేసుకుంటే తాడుమీదికి వంగలేరు, క్రేన్ కొక్కేనికి తగులుకుంటాయి. సరంగులు వాటిని క్యాబిన్‌లో మోకాళ్ళకింద వేసుకుంటారు. ఒళ్ళు కాచుకునేవాడు సముద్రం మీదికి ఎందుకొచ్చాడని పెద్దవాళ్ళు ఎగతాళి చేస్తారు. అందుకని ప్రచారం రోజున ఈ పలచని ఆరింటినీ ఒక పడవవాళ్ళకి తొడిగి, జెట్టీ అంచున నిలబెట్టి, పిడికిళ్ళు ఎత్తించి "భద్రంగా" అనిపించి ఫోటో తీస్తారు. విప్పి పక్క పడవవాళ్ళకి తొడుగుతారు. రేవులోని పడవలన్నీ బయలుదేరేసరికి ఆ ఆరే అందరి ఒంటిమీదా తిరిగి వస్తాయి.

"అద్దె పెళ్ళిబట్టలు," అంటుంది ఆల్చిప్పలు ఒలిచే షెడ్డులో పనిచేసే ముసలి చున్‌జా. "పెళ్ళికొడుకులే మారతారు."

మాల్‌సూన్ కూడా నవ్వేది. తొడగడం, విప్పడం ఆమె పని. మగవాళ్ళ మొద్దువేళ్ళకి ఆ బకిల్ చిక్కదు. రెండు పక్కలా నొక్కితే టక్కుమని ఊడుతుంది.

నిన్న మొదటి వరసలో బే చైర్మన్ పంటువాళ్ళు ఉన్నారు. ఫోటో అయ్యాక ఆమె ఒక్కొక్కరి దగ్గరికీ వస్తోంది. వాళ్ళు అలవాటుగా చేతులు పైకెత్తుతున్నారు. అవెలినో ఎత్తలేదు. జాకెట్టు పట్టీమీద చెయ్యేసి పట్టుకున్నాడు.

"పిన్నీ, ఇవాళ ఉంచుకోనా? గాలి ఎక్కువ ఉంది. సాయంత్రం తెచ్చిస్తా."

"కుదరదురా. పక్క పడవకి కావాలి."

"నాకు ఈత రాదు పిన్నీ."

"మా ఊళ్ళో సగంమందికి రాదు," అంది ఆమె. వెనక వరసలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు వినడం తనకి బాగుంది కూడా. అతని చెయ్యి పక్కకి తీసి, రెండు పక్కలా నొక్కింది. టక్కుమంది.

అతను చేతులు ఎత్తాడు, ఆమెకి వీలుగా.

ఎండ పైకొచ్చే వేళకి, క్రేన్ ఆల్చిప్పల తాడు ఎత్తుతుండగా పంటు ఒరిగింది. జోనికో తిరిగి చూసేసరికి అంచున ఉన్న మనిషి లేడు.

*

ఆ వారంలోనే శవం దొరికింది. ఎక్కడో కాదు, వాళ్ళు పెంచే ఆల్చిప్పల తోటలోనే, నీళ్ళలోకి వేలాడే తాళ్ళ మధ్య చిక్కుకుని ఉంది. పడవలు దాని మీదుగా ఎన్నోసార్లు వెళ్ళి వచ్చాయి.

మర్నాడు షెడ్డు మళ్ళీ తెరిచారు. కొత్త సంవత్సరం ముందు రోజులు, ఆల్చిప్పలకి ధర బాగా ఉంది. పొడవాటి బల్లకి అటూ ఇటూ ఆడవాళ్ళు నిలబడి చిప్పలు తెరుస్తున్నారు. ఒలిచిన కిలోకి మూడున్నర వేల వొన్ కూలి. వేళ్ళు చురుగ్గా కదిలేవాళ్ళు చలికాలం అయ్యేలోపు ఏడాది బియ్యం, మందులు వెళ్ళదీసుకుంటారు. మాల్‌సూన్ వేళ్ళు చురుకైనవే. కానీ ఆ రోజు కత్తి గుచ్చి తిప్పినప్పుడల్లా చిప్ప టక్కుమనేది, ఆమె చెయ్యి ఆగేది.

"నాయకురాలికి ఏమైంది? నీ బుట్ట ఇంకా సగమే నిండింది," అంది చున్‌జా.

"చలి."

"చలి అందరికీ ఒకటే. నీకు ప్రత్యేకంగా వచ్చిందా, వీపుమీద పేరు రాయించుకుని?"

నాలుగైదు నవ్వులు వినబడ్డాయి. మాల్‌సూన్ నవ్వలేదు. చున్‌జా కత్తి ఆపి ఆమెని ఒక క్షణం చూసి, మళ్ళీ తన బుట్ట దగ్గరికి లాక్కుంది.

మధ్యాహ్నం బే చైర్మన్ ప్యాకెట్ కాఫీ కలిపి రెండు కాగితపు కప్పులు పట్టుకొచ్చి, ఆమెని మంచుపెట్టెల వెనక్కి పిలిచాడు. గీహో కంటే చిన్నవాడు, చిన్నప్పటి నుంచీ ఆమెని వదిన అనే పిలుస్తాడు. దళానికి అధ్యక్షుడూ అతనే. మనిషి చెడ్డవాడని రేవులో ఎవరూ అనరు. శవం దొరికిన రాత్రి అతను తాగి ఏడవడం గీహో చూశాడు.

"వదినగారూ, సార్జెంటు వస్తాడు. జాకెట్ల గురించి అడుగుతాడు."

"ఏం చెప్పాలి?"

"ఉన్నదే చెప్పండి. జాకెట్లు ఇచ్చాం, వేసుకున్నాడు. ఫోటో ఉంది. తరవాత వాడేం చేశాడో మనకేం తెలుసు? పనిచేస్తుంటే చెమట పడుతుంది, విప్పుతారు. కుర్రాళ్ళు మాట వినరు."

"చెమటా? ఆ గాలిలోనా?"

అతను కప్పు అంచు కొరికాడు. "జాకెట్టు ఇవ్వలేదని తేలితే నా లైసెన్సు పోతుంది. లైసెన్సు పోతే షెడ్డు ఎవరు తెరుస్తారు? సీజను మధ్యలో ఈ ఆడాళ్ళంతా ఎక్కడికి పోతారు? చున్‌జా పెద్దమ్మ మోకాలి ఆపరేషను ఉంది, మీకు తెలుసు. వాడు పోయాడు వదినా. మనం ఏం చెప్పినా వాడు రాడు."

సార్జెంట్ నో నిజంగానే వచ్చాడు. మర్యాదగా బూట్లు విడిచి షెడ్డు పక్కగదిలో, కింద నుంచి కాచే వేడినేల మీద కూర్చున్నాడు. ఫోన్‌లో ఫోటో చూపించాడు. మాల్‌సూన్ తీసిన ఫోటోయే. పిడికిళ్ళు ఎత్తిన వరసలో అవెలినో చివర ఉన్నాడు. అందరూ కెమెరాకేసి చూస్తుంటే, అతను తల వంచి జాకెట్టు పట్టీ బిగుతుగా ఉందో లేదో చూసుకుంటున్నాడు.

"ఆ పొద్దున మీరే జాకెట్లు ఇచ్చారాండీ?"

"ఇచ్చాం."

"ఇతను వేసుకున్నాడా?"

"వేసుకున్నాడు."

అతను తల ఊపి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఇంకొక ప్రశ్న అడుగుతాడని ఆమె ఎదురుచూసింది. అడిగితే చెప్పేస్తానని తనకి తాను చెప్పుకుంది. అతను బార్లీ నీళ్ళు తాగి, బూట్లు వేసుకుని, చలిలో జాగ్రత్త పెద్దమ్మా అని వెళ్ళిపోయాడు. ఆమె చెప్పిన రెండు మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. ఆ రాత్రి ఆ సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నా ఆమెకి నిద్ర పట్టలేదు.

*

శవపేటిక విమానం ఎక్కిన తరవాతి ఆదివారం, జోనికో ఆమె ఇంటికి వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే బూట్లు తడిగా ఉన్నాయన్నాడు.

"పిన్నీ, ఒక మాట అడగాలి. నా మాట సరిగ్గా రాదు."

"చెప్పు."

"అవెలినో వాళ్ళమ్మ ఫోన్ చేసింది. చైర్మన్‌గారి కంపెనీవాళ్ళు చెప్పారట, నీ కొడుకు జాకెట్టు తనే విప్పేశాడు, తప్పు నీ కొడుకుదే అని. ఆవిడ నమ్మట్లేదు. వాడికి నీళ్ళంటే భయం. ఊళ్ళో నది దాటాలన్నా గేదె తోక పట్టుకునేవాడు. వాడు విప్పడు అంటోంది." కాసేపు మాటలు వెతుక్కున్నాడు. "రోజూ ఫోన్ చేస్తోంది. ఎందుకు విప్పాడు అని అడుగుతోంది. నేనేం చెప్పను?"

"నువ్వు చూశావు కదా."

"చూశాను."

"మరి చెప్పలేదా?"

"నేను చెబితే చైర్మన్‌గారు నన్ను పంపేస్తారు. నాకూ అమ్మ ఉంది." అతని గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఆమె తట్టుకునేది. "అందుకే పిన్నీని అడుగుతున్నా. నేను చెప్పలేను, మరి ఏం చెప్పను?"

లోపల కుక్కర్ కూత పెట్టింది. మాల్‌సూన్ ఆ మిషతో లోపలికి వెళ్ళి, పొయ్యి ఆర్పి, అక్కడే నిలబడిపోయింది. ఒక మనిషి ప్రాణం పోయింది, అందులో తన చెయ్యి ఉంది. ఆ బరువు ఇన్నాళ్ళూ మోస్తోంది. కానీ చచ్చిపోయినవాడి మీద తప్పు కూడా పెట్టింది, అది వాళ్ళమ్మ దాకా నడిచి వెళ్ళింది. ఎక్కడో కొండ ఊళ్ళో తన వయసే ఉన్న ఒక ఆడది, నువ్వెందుకు విప్పావురా అని లేని కొడుకుని అడుగుతోంది.

ఆమె బయటికి వచ్చేసరికి గుమ్మంలో ఎవరూ లేరు. తడి బూట్ల గుర్తులు రెండు మిగిలి ఉన్నాయి.

రాత్రి అన్నం దగ్గర గీహోతో అంది. "నేనే విప్పాను."

అతను చాప్‌స్టిక్స్ కింద పెట్టలేదు. "తెలుసు. నేను వెనక వరసలో ఉన్నాను."

"నవ్వింది నువ్వేనా?"

అతను కిమ్చీ పచ్చడి ముక్కని అటూ ఇటూ తిప్పాడు. "నవ్వాను," అన్నాడు చివరికి.

*

ప్రమాదం జరిగింది కాబట్టి ప్రత్యేక ప్రచారం పెట్టమని జిల్లా నుంచి చెప్పారు. ఈసారి జిల్లా అధికారి, ఫోటోలు తీసే మనిషి, కొత్త బ్యానరు వచ్చాయి. సార్జెంట్ నో కూడా వచ్చి బ్యానరు ఒక చివర పట్టుకున్నాడు. ఆకాశం అప్పుడే తెల్లబడుతోంది, జెట్టీ మీద మంచుకి కాళ్ళు జారుతున్నాయి.

మాల్‌సూన్ స్టోరు తెరిచి ఆరు సంచులు తెచ్చింది. మొదటి వరస చైర్మన్ పంటువాళ్ళదే. జోనికో ఉన్నాడు. చివర, పక్క ఊరి షెడ్డు నుంచి అరువు తెచ్చిన కొత్త కుర్రాడు ఉన్నాడు.

"డల్సూ, కొంచెం ముందుకి రా," అన్నాడు చైర్మన్ ఆ కుర్రాడితో. కుర్రాడు తన వెనక ఎవరన్నా ఉన్నారేమోనని తిరిగి చూశాడు.

జాకెట్లు తొడిగింది. పిడికిళ్ళు లేచాయి. భద్రంగా అన్నారు. ఫోటో అయింది. పక్క పడవవాళ్ళు అప్పటికే వచ్చి వరసలో సర్దుకుంటున్నారు, ఫోటోమనిషి వాళ్ళ భుజాలు పట్టి నిలబెడుతున్నాడు.

ఆమె జోనికో ముందుకి వెళ్ళింది. అతను ఆమెని చూడకుండా చేతులు పైకెత్తాడు. ఆమె వేళ్ళు బకిల్ దగ్గరికి వెళ్ళాయి. అక్కడే ఆగాయి. తరవాత పట్టీ కొస పట్టుకుని బిగించింది. అతను ఉలిక్కిపడి ముఖంలోకి చూశాడు.

"సాయంత్రం తెచ్చివ్వు," అంది. "తడిసినా ఫరవాలేదు."

కొత్త కుర్రాడి దగ్గరికి వెళ్ళి వాడి పట్టీ కూడా బిగించింది. "నీ పేరేంటి నాన్నా?"

వాడు చెప్పాడు. ఆమెకి నోరు తిరగలేదు. మళ్ళీ చెప్పమంది, తనూ రెండుసార్లు పలికింది.

చైర్మన్ నవ్వు ముఖంతోనే దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "వదినగారూ, జాకెట్లు. పక్క పడవవాళ్ళు నిలబడున్నారు."

"చూశాను."

"తీయించండి మరి."

"తీయను."

"అందరి ముందూ ఏంటిది వదినా? షెడ్డు సంగతి మాట్లాడుకున్నాం కదా."

"మాట్లాడుకున్నాం. పెద్దమ్మ మోకాలు కూడా గుర్తుంది నాకు." ఆమె గొంతు తగ్గించలేదు. "వీళ్ళు తొడుక్కునే వెళ్తారు."

జోనికో ఎవరి మాట కోసమూ ఆగలేదు. పంటు మీదికి దూకి తాడు విప్పడం మొదలుపెట్టాడు. మిగతావాళ్ళు ఒకరి వెనక ఒకరు ఎక్కారు.

బ్యానరు పట్టుకున్న సార్జెంటు అటూ ఇటూ చూశాడు. "ఈ పక్క పడవవాళ్ళకి వేరే జాకెట్లు తేవచ్చు కదండీ. ఫోటో ఆగిపోయింది."

చైర్మన్ బ్యానరు దగ్గరికి వచ్చాడు.

"స్టోరులో ఉన్నాయి సార్, తెప్పిస్తా," అన్నాడు చైర్మన్.

మాల్‌సూన్ కోటు జేబులోంచి తాళంచెవి తీసి సార్జెంటు అరచేతిలో పెట్టింది. "వెళ్ళి చూసుకోండి. తాళ్ళు, బ్యానర్లు ఉంటాయి. జాకెట్లు అవే." పంటుకేసి చూపించింది. "ఆ రోజూ అవే."

అతను పంటుకేసీ తాళంచెవికేసీ చూశాడు. బ్యానరు చివర చేతిలోంచి జారి గాలికి కొట్టుకుంది.

"ఆ రోజు మీరు నన్ను రెండు మాటలు అడిగి వెళ్ళిపోయారు," అంది ఆమె. "మూడోది అడగలేదు."

"ఏంటండీ మూడోది?"

"ఎవరు విప్పారని."

పంటు ఇంజను అందుకుంది. అలల అడ్డుగోడ దాటుతుంటే నారింజరంగు మెడలు కాసేపు కనబడి, తరవాత ఆల్చిప్పల తాళ్ళని తేల్చే బోయాల మధ్య కలిసిపోయాయి. జెట్టీ అంచున పక్క పడవవాళ్ళు ఫోటోమనిషి నిలబెట్టినచోటే నిలబడి ఉన్నారు. ఒంటిమీద పని చొక్కాలే ఉన్నాయి. గీహో కూడా ఆ వరసలోనే ఉన్నాడు. సగం ఎత్తిన పిడికిళ్ళు దించమని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.